లాంకమ్ వారి 'ఫాల్స్ లాంకమ్': ఒక హార్మోనిస్టు చెవికి వినబడినట్టు

ముందే చెప్పేస్తాను, ఈ ఆల్బమ్ అందరికీ నచ్చదు. బండి మీద పోతూ వినడానికో, వంట చేసుకుంటూ వెనక మోగించుకోవడానికో పనికిరాదు. దాదాపు 70 నిమిషాల నిడివి, 12 ట్రాకులు. అందులో ఎక్కువ భాగం చావు, సముద్రం, విషం, తెల్లారితే పనికి పోవాల్సిన బతుకు. అయినా సరే, పాత పాటను ఈ కాలం వాళ్ళకు ఎట్లా వినిపించాలా అని మథనపడే వాళ్ళు ఎవరైనా ఉంటే ఒక సాయంత్రం కేటాయించి మొత్తం వినాలి. ఈ మధ్య కాలంలో నేను విన్నవాటిలో శ్రుతికి ఇంత విలువ ఇచ్చిన రికార్డు ఇంకొకటి లేదు.

నాది అనంతపురం. పౌరాణిక నాటకాలకు హార్మోనియం వాయిస్తాను. జాతర్ల కాలంలో పల్లెల్లో తెల్లవార్లూ స్టేజీ పక్కన కూర్చుంటాను. మిగతా రోజుల్లో ఇంటి ముందుగదిలో హార్మోనియం రిపేర్లు చేస్తాను. చినిగిన తిత్తి మార్చడం, మూగబోయిన రీడు, అంటే స్వరం పలికే లోహపు రేకు, తీసి శుభ్రం చేయడం, గీకి శ్రుతికి తేవడం, ఇదీ పని. అందుకే ఏ పాట విన్నా నా చెవి ముందు గొంతు మీదికి పోదు, గొంతు కింద నిలబడి మోగే శ్రుతి మీదికి పోతుంది. బెంగుళూరులో ఉద్యోగం చేసే మా మేనల్లుడికి ఈ సంగతి బాగా తెలుసు. "మామా, వీళ్ళ పాటల్లో హార్మోనియం ఉంది, నీకు నచ్చుతుంది, విను" అని లింకు పంపించాడు. వాడు చెప్పింది నిజమే, పాటల కింద హార్మోనియం ఉంది. దానికన్నా ఎక్కువే ఉంది.

లాంకమ్ అనేది ఐర్లండ్ రాజధాని డబ్లిన్‌కు చెందిన నలుగురి బృందం. ఇయన్ లించ్, డారా లించ్ అన్నదమ్ములు. రేడీ పీట్, కార్మాక్ మాక్ డియర్మడా మిగతా ఇద్దరు. మొదట్లో అన్నదమ్ముల ఇంటిపేరుతో ఆడుకుంటూ 'లించ్డ్' అని పెట్టుకున్నారు. ఆ మాటకు అమెరికాలో నల్లవాళ్ళను మూకలు చంపిన చరిత్రతో సంబంధం ఉంది కాబట్టి 2016లో ఆ పేరు వదిలేశారు. కొత్త పేరును ఒక పాత కథాగేయం నుంచి తీసుకున్నారు. ఆ గేయాన్ని పాడింది జాన్ రైలీ అనే ఐరిష్ సంచారి. సొంత ఇల్లూ వాకిలీ లేని మనిషి, 1969లో పేదరికంలోనే పోయాడు. ఆయన పోకముందు టామ్ మన్నెలీ అనే జానపద సేకర్త టేపు మీద ఎక్కించాడు కాబట్టి ఆ పాటలు మిగిలాయి. మన కడపలో బ్రౌన్ దొర తాటాకులు కొని, పండితులకు జీతాలిచ్చి రాయించకపోతే ఎన్ని పద్యాలు పురుగుల పాలయ్యేవో గుర్తు చేసుకుంటే మన్నెలీ చేసిన పని ఎంతదో అర్థమవుతుంది. ఏళ్ళు గడిచాక ఆ టేపులోని పాట పేరే తమ పేరుగా పెట్టుకుని డబ్లిన్ కుర్రకారు మళ్ళీ పాడుతున్నారంటే మన్నెలీ కష్టం ఊరికే పోలేదు.

ఐరిష్ సంగీతం అనగానే మనకు తెలిసినంతలో గుర్తొచ్చేది గంతులేసే వరసలు. వాళ్ళ జిగ్, రీల్ అనేవి నాట్యానికి కట్టిన వరసలే. ఫిడేలు, చిన్న పిల్లనగ్రోవి, మేకతోలు డప్పు కలిసి పరుగెత్తుతాయి. దానికి ఇంకో ముఖం ఉంది. వాద్యం ఏదీ లేకుండా ఒక్క గొంతే నిదానంగా, తాళానికి కట్టుబడకుండా పాడే పద్ధతి ఒకటి వాళ్ళకు చాలా పాతది. పద్యం పాడేవాడు రాగంలో ఎట్లా ఆగుతాడో, సాగదీస్తాడో అట్లాగే ఉంటుంది. ఇంకొకటి వాళ్ళ ఇలియన్ పైప్స్. నోటితో ఊదరు. మోచేతి కింద చిన్న తిత్తి పెట్టుకుని గాలి కొడుతూ, ఇంకో చంకలోని సంచిని నొక్కుతూ వాయిస్తారు. పాట వరసకు ఒక గొట్టం, దాని కింద ఆగకుండా మోగడానికి మూడు శ్రుతి గొట్టాలు. ఈ వాద్యకళను 2017లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మన వీధి భాగవతాల్లో మేకతోలు తిత్తితో శ్రుతి ఊదేవాళ్ళని మా గురువుగారు చెప్పేవారు. హార్మోనియం వచ్చాక ఆ తిత్తి మూలకు పడింది. ఐర్లండ్‌లో వాళ్ళది మూలకు పడలేదు. ఇయన్ లించ్ వాయించేది అదే.

రేడీ పీట్ హార్మోనియంతో పాటు కాన్సర్టీనా వాయిస్తుంది. చేతుల్లో పట్టేంత చిన్న ఆరు పలకల పెట్టె, మధ్యలో తిత్తి, రెండు పక్కలా బొత్తాలు. లోపల ఉండేవి మన పెట్టెలో ఉన్నట్టే గాలికి కొట్టుకునే లోహపు రీడ్లే. ఈ రీడ్ల పెట్టెలన్నీ ఒక కుటుంబం. యూరప్‌లో పుట్టిన హార్మోనియం కలకత్తాలో చేతి తిత్తి కట్టించుకుని మన నేల మీద కూర్చుంది. 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని గుమ్మంలోకి కూడా రానివ్వలేదు. అయినా పల్లె నాటకం దాన్ని వదల్లేదు. గమకం పలకదు అన్నది దాని మీద నేరం. ఆ మాట అన్న పెద్దలు ఈ రికార్డు వింటే బాగుండేది అనిపిస్తుంది నాకు. ఇక్కడ రీడు గమకం పలకడానికి ప్రయత్నించదు. ఒకే స్వరం మీద నిలబడుతుంది, కొంచెం తేడా శ్రుతిలో ఉన్న ఇంకో స్వరం పక్కకు వచ్చి చేరుతుంది, రెండూ ఒరుసుకుని గాలిలో ఒక వణుకు పుడుతుంది. రెండు రీడ్లు దగ్గర దగ్గరగా ఉండి కలవకపోతే వచ్చే ఆ వణుకును తీసేయడమే రిపేరులో నా పని. వీళ్ళు దాన్ని ఉంచుకున్నారు. ఉంచుకోవడమే కాదు, పాట దుఃఖాన్నంతా దాని మీద పెట్టారు.

మొదటి పాట 'గో డిగ్ మై గ్రేవ్' గురించి వివరంగా చెప్పాలి. ఆల్బమ్‌కు ఇదే ప్రాణం. ప్రేమించినవాడు వదిలేస్తే ఒక ఆడపిల్ల ఉరిపోసుకుంటుంది. తండ్రి వచ్చి చూస్తాడు. తన సమాధి ఎట్లా తవ్వాలో, దాని మీద ఏమి పెట్టాలో ఆమె చెప్పే మాటలే పాట. రేడీ పీట్ ఒక్కతే మొదలుపెడుతుంది. వెనక ఏమీ లేదు. ఆమె గొంతు తీపిగా ఉండదు, ముక్కులోంచి వచ్చే పదునైన గొంతు. మైకు లేకుండా చివరి వరసలో కూర్చున్నవాడికి వినబడాలని పాడే మన పాత నటుల గొంతులో ఒక గరుకు ఉంటుంది చూడండి, అది. ఒక్క మాటనూ ఏడుపుతో పలకదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకుంటూ పోతుంది. అదే ఎక్కువ కోత పెడుతుంది. కాటి సీనులో చంద్రమతి పాత్రధారి ఎక్కువ ఏడిస్తే జనం ఏడవరు, పద్యం శుద్ధంగా పాడితే ఏడుస్తారు. స్టేజీ ఎక్కిన ప్రతివాడికీ తెలిసిన సంగతి ఇది.

కాసేపటికి కింద నుంచి శ్రుతి లేస్తుంది. ఆ తర్వాత బరువైన దెబ్బ, కొంత ఎడం, మళ్ళీ దెబ్బ. శవం ముందు నడిచే డప్పు నడక అది. పాట మాటలు అయిపోతాయి కానీ పాట అయిపోదు. ఫిడేళ్ళు పై స్వరం నుంచి కిందికి జారుతూ, మళ్ళీ ఎక్కి మళ్ళీ జారుతూ మొదలుపెడతాయి. తొమ్మిది నిమిషాల దాకా సాగే పాటలో రెండో సగమంతా ఇదే. చావింట్లో ఆడవాళ్ళు శవం దగ్గర కూర్చుని రాగం తీసి ఏడ్చే పద్ధతి ఐర్లండ్‌లో ఉండేది. ఊళ్ళో అందులో చెయ్యి తిరిగిన ఆడవాళ్ళను పిలిపించేవారు. చర్చి పెద్దలు కాదన్నారు, కాలం మారింది, ఆ ఆచారం పోయింది. ఈ పాట రెండో భాగాన్ని ఆ ఏడుపు వరసల నుంచే తీసుకున్నామని బృందం చెప్పుకుంది.

నాకు ఎవరూ చెప్పక ముందే ఇది తెలిసింది, మా అమ్మ వల్ల. ముందుగదిలో స్పీకర్లు పెట్టి వింటున్నాను. అమ్మ వెనక వాకిట్లో చెనక్కాయలు ఒలుస్తా ఉంది. ఇంగ్లిష్ ముక్క రాదు, అవతల పాడుతున్నది ఎవరో తెలియదు. ఆ ఫిడేళ్ళు జారడం మొదలైన కాసేపటికి చాట పక్కన పెట్టి తలుపు దగ్గరకు వచ్చింది. "ఎవురు పోయినారు నాయనా?" అని అడిగింది. "ఎవురూ లేదమ్మా, పాట" అన్నాను. కొంచెంసేపు నిలబడి విని, "శోకాలు పెడతాండారు కదరా" అంది. మా ఊళ్ళలో ఆడవాళ్ళు ఒకరి భుజం ఒకరు పట్టుకుని, పోయినవాళ్ళ గుణాలు ఒక్కొక్కటే చెప్పుకుంటూ, గొంతు పైకి ఎత్తి కిందికి దించుతూ ఏడుస్తారే, ఆ వరస ఆమెకు అక్కడ వినబడింది. చదువుకున్న విమర్శకుడు పేజీలు రాసినా ఈ పాట గురించి ఇంతకంటే సూటిగా చెప్పలేడని నా నమ్మకం.

ఈ పాట వచ్చిన దారి కూడా తెలుసుకోదగ్గది. రేడీ పీట్ దీన్ని అమెరికాలోని కెంటకీ కొండల గాయని జీన్ రిచీ పాడగా విని నేర్చుకుంది. 1963లో వచ్చిన రికార్డు అది. ఇట్లాంటి పాటలు ఇంగ్లండ్, స్కాట్లండ్, ఐర్లండ్‌ల నుంచి వలసపోయిన వాళ్ళ నోళ్ళలో అట్లాంటిక్ దాటాయి. కొండల్లో తరాలపాటు బతికాయి. ఇప్పుడు మళ్ళీ డబ్లిన్ చేరాయి. 1845 నుంచి 1852 దాకా ఐర్లండ్‌లో బంగాళదుంపకు తెగులు సోకి పంట పోయింది, ఆకలికి, రోగాలకు దాదాపు 10 లక్షల మంది పోయారు. మరో 10 లక్షల మందికి పైగా ఓడలెక్కి దేశం వదిలారు. ఇది చదువుతుంటే 1876-78 నాటి ధాతు కరువు గుర్తు రాక మానదు. కర్నూలు, కడప, అప్పటికి మన అనంతపురం కలిసి ఉన్న బళ్ళారి జిల్లా, మూడూ ఎండి చచ్చినాయి. ఈనాటికీ వాన మొహం చాటేస్తే కదిరి బస్సుల్లో పిల్లాజెల్లాతో బెంగుళూరు పనులకు పోయేవాళ్ళు మన కళ్ళ ముందే ఉన్నారు. పోయినవాడు వెంట తీసుకుపోగలిగేది పాటే. దానికి టికెట్టు లేదు. అందుకేనేమో కరువు సీమల పాటలు ఎక్కడివైనా చెవికి కొత్తగా అనిపించవు.

తర్వాతి పాటల్లో కొన్నింటి గురించి తొందరగా చెప్పేస్తాను. 'క్లియర్ అవే ఇన్ ద మార్నింగ్' అమెరికా మెయిన్ రాష్ట్రపు గోర్డన్ బాక్ రాసిన ఓడ పాట, గొంతులు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు కలుస్తాయి. 'మాస్టర్ క్రౌలీస్' మాటలు లేని రీల్. కాన్సర్టీనా హుషారుగా మొదలుపెడుతుంది, మధ్యలో వరస మొత్తం హోరులో మునిగిపోతుంది, మళ్ళీ తేలుతుంది. డ్యాన్సు పాటను ఇంత భయంగా వాయించవచ్చని నేను అనుకోలేదు. ఉరుములు అనే తోలు వాద్యం వాయించేవాళ్ళు మన పల్లెల్లో ఉన్నారు కదా, వంపు పుల్లతో తోలును రాసినప్పుడు వచ్చే ఆ గుర్రుమనే ధ్వని కడుపులోకి దిగుతుంది. ఈ ట్రాకు మధ్యభాగం నాకు అక్కడ తగిలింది. 'న్యూకాజిల్' నెమ్మదైన పాట, అప్పటిదాకా ఊపిరి బిగబట్టిన వాళ్ళకు కొంచెం తెరిపి.

'ద న్యూయార్క్ ట్రేడర్' మాత్రం కథ కోసం వినాలి. ఓడ నడిసంద్రంలో ఉంది. తుఫాను పట్టుకుంది. కెప్టెన్ చేసిన హత్యలు బయటపడతాయి. ఓడవాళ్ళంతా కలిసి వాణ్ణి సముద్రంలోకి తోసేస్తారు, సముద్రం నెమ్మదిస్తుంది. కథ చెప్పే పద్ధతి చూడండి. పాపం ఏమిటో వర్ణించరు, తీర్పు చెప్పరు, జరిగింది జరిగినట్టు చరణం తర్వాత చరణం తోసుకుంటూ పోతారు. బుర్రకథ దళంలో కథకుడు యుద్ధఘట్టం ఎత్తుకున్నప్పుడు వంతలకు ఊపిరి తీసుకునే సందు ఉండదు, ఆ ఊపు ఉంది ఇందులో. కొడుకును తల్లే విషమిచ్చి చంపే 'లార్డ్ అబోర్ అండ్ మేరీ ఫ్లిన్' దీని పక్కనే వస్తుంది, మెత్తగా, జోలపాట నడకలో. రెండూ వరసగా పెట్టడం చాలా తెలిసినవాళ్ళు చేసిన పని.

అసలు ఈ బృందం దగ్గర నేర్చుకోవాల్సింది ఇక్కడే ఉంది. ఈ ఆల్బమ్‌లో ఎవరు రాశారో తెలియని వందల ఏళ్ళ నాటి పాటలు ఉన్నాయి. ఇరవయ్యో శతాబ్దంలో పేరున్న మనుషులు రాసినవి ఉన్నాయి. 'ఆన్ ఎ మండే మార్నింగ్' అట్లాంటిదే. ఇంగ్లండ్ నేవీలో పనిచేసిన సిరిల్ టానీ రాసింది, సెలవు అయిపోయి మళ్ళీ పనికి పోవాల్సిన సోమవారం పొద్దు గురించి. ఇవి కాక డారా లించ్ సొంతంగా రాసినవి రెండు ఉన్నాయి, 'నెటా పెర్సియస్', 'ద టర్న్'. కాగితం చూడకుండా వింటే ఏది పాతదో ఏది కొత్తదో చెప్పలేం. కొత్త పాటకు పాత వేషం వేయలేదు. పాత పాటకు కొత్త చొక్కా తొడగలేదు. రెండింటినీ ఒకే శ్రుతి మీద కూర్చోబెట్టారు. మిగతాదంతా శ్రుతి చూసుకుంది.

'నెటా పెర్సియస్' గిటారు మీద మెల్లగా నడుస్తుంది. చాలాసేపు మీరు దాన్ని ఒక మామూలు విషాద గీతం అనుకుంటారు. ఉన్నట్టుండి కింద నుంచి గోడలు కూలినట్టు శబ్దం వస్తుంది, మళ్ళీ గిటారు ఏమీ జరగనట్టు నడుస్తుంది. బయటికి నవ్వుతూ లోపల కుమిలే మనిషి దగ్గర కూర్చున్నట్టే ఉంటుంది. ఈ కాలపు పాటల రచన అంటే నేను కోరుకునేది ఇది. బాధను మాటల్లో వివరించకుండా వాద్యానికి అప్పజెప్పడం.

'ద టర్న్' మీద నాకు ఫిర్యాదు ఉంది. 13 నిమిషాల దాకా ఉన్న ఆఖరి పాట ఇది. మొదటి సగం చాలా గొప్పగా ఉంటుంది, గొంతులు కలిసే చోట ఒళ్ళు జలదరిస్తుంది. చివరి నిమిషాల్లో పాట పోయి హోరు మాత్రమే మిగులుతుంది, అది పెరుగుతూ పెరుగుతూ చెవులు మూసుకోవాలనిపించేదాకా పోతుంది. వాళ్ళ ఉద్దేశం నాకు అర్థం కాకపోలేదు. కానీ మొదటి పాటలో హోరుకు ఒక శవం ఉంది, ఏడ్చేవాళ్ళు ఉన్నారు. ఇక్కడ హోరుకు ఆధారం కనబడదు. మంగళం పాడాల్సిన చోట పాడకుండా తెర దించేసినట్టు నాకు వెలితిగా ఉంది. పాటల మధ్య 'ఫ్యూగ్' అని మూడు చిన్న ముక్కలు పెట్టారు, మాటలు లేని శబ్దాలు. మొదటిదీ రెండోదీ పాటను పాటకు కలుపుతాయి, సీనుకు సీనుకు మధ్య హార్మోనిస్టు శ్రుతి వదలకుండా పట్టుకున్నట్టు పనికొస్తాయి. మూడోది లేకపోయినా నష్టం లేదు.

ఈ రికార్డు చేసిన జాన్ 'స్పడ్' మర్ఫీ పేరు చెప్పకపోతే తప్పు. ఈయనే దీనికి ముందు 2019లో వచ్చిన 'ద లివ్‌లాంగ్ డే'కు కూడా నిర్మాత. ఏ వాద్యం ఏదో విడదీసి చెప్పలేనట్టుగా ధ్వనిని కలిపాడు. హార్మోనియం ఎక్కడ ఆగిందో, ఫిడేలు ఎక్కడ అందుకుందో అతుకు తెలియదు. రెండు ఆల్బమ్‌లనూ లండన్ కంపెనీ రఫ్ ట్రేడ్ విడుదల చేసింది. రెండింటికీ ఐర్లండ్‌లో ఆయా సంవత్సరాల ఉత్తమ ఆల్బమ్‌గా ఛాయిస్ మ్యూజిక్ ప్రైజ్ వచ్చింది. 'ఫాల్స్ లాంకమ్' 2023లో బ్రిటన్ మెర్క్యురీ ప్రైజ్ తుది జాబితా దాకా కూడా వెళ్ళింది.

'ద లివ్‌లాంగ్ డే' కూడా వినండి. అందులో మొదటి పాట 'ద వైల్డ్ రోవర్'. ఐర్లండ్ తాగుడు అంగళ్ళలో జనం బల్లలు చరుస్తూ పాడుకునే పాట అది, ప్రపంచమంతా తెలిసింది. నిజానికి అది తాగి డబ్బంతా తగలేసుకున్నవాడి పశ్చాత్తాపం. ఈ బృందం దాన్ని పది నిమిషాలకు పైగా సాగదీసి, చప్పట్లు తీసేసి, పశ్చాత్తాపాన్ని తిరిగి పాటకు ఇచ్చింది. అదే ఆల్బమ్‌లో 'హంటింగ్ ద రెన్' ఇయన్ లించ్ రాసిన కొత్త పాట. పందొమ్మిదో శతాబ్దంలో కిల్డేర్ జిల్లాలో కుర్రా మైదానం దగ్గర ఇంగ్లిష్ సైన్యం శిబిరం ఉండేది. ఊరు వెలివేసిన ఆడవాళ్ళు ఆ పక్కన ముళ్ళపొదల్లో గూళ్ళు చేసుకుని బతికారు. జనం వాళ్ళను రెన్ అనే చిన్న పిట్ట పేరుతో పిలిచారు. క్రిస్మస్ మర్నాడు ఆ పిట్టను వేటాడే పాత ఆచారం ఐర్లండ్‌లో ఒకటి ఉంది. ఆ రెండింటినీ ముడివేశాడు. జోగినుల గురించి, ఊరి చివర బతికిన ఆడవాళ్ళ గురించి మన సీమలో పాట కట్టాలనుకునే కుర్రవాళ్ళు ఉంటే ముందు దీన్ని వినాలి. తిట్టకుండా, జాలి కురిపించకుండా, వాళ్ళ పక్కన నిలబడి ఎట్లా పాడాలో తెలుస్తుంది.

మన దగ్గర జానపదాన్ని ఆధునికం చేయడం అంటే కింద ఒక బీటు వేయడం అయిపోయింది. చెక్కభజన పాటకూ అదే బీటు, కోలాటానికీ అదే, పెళ్ళి పాటకూ అదే. పోయిన జాతరలో ఒక ఊరి కమిటీవాళ్ళు నన్ను హార్మోనియం పక్కన పెట్టి ప్యాడ్ల కీబోర్డు తెచ్చుకోమన్నారు, లేకపోతే కుర్రవాళ్ళు కూర్చోరట. వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు, ఖర్చు పెట్టేవాళ్ళకు జనం కావాలి. నేను బాధపడేది బీటు వచ్చినందుకు కాదు. బీటు వచ్చాక పద్యం ఆగడానికి చోటు లేకుండా పోయింది. రాగం తీసేవాడు గాలి పీల్చుకునే లోపలే డప్పు వచ్చి పడుతుంది. లాంకమ్ దగ్గర కూడా కరెంటు వాద్యాలు ఉన్నాయి, స్టూడియో పనితనం ఉంది, రాక్ బ్యాండును మించిన హోరు ఉంది. అయినా పాట ఆగాల్సిన చోట వాళ్ళందరూ ఆగుతారు. పరువు మర్యాదల కోసం కాదు, పాట ఎంతసేపు అడిగితే అంతసేపు ఇచ్చే ఓపిక ఉంది కాబట్టి. మా మేనల్లుడి ఈడు వాళ్ళు ఇంత నిదానమైన పాటను చెవికి పెట్టుకుని వింటున్నారంటే, కుర్రవాళ్ళు కూర్చోరన్న మాట నేను ఒప్పుకోను.

వినే పద్ధతి గురించి. ఫోన్ స్పీకర్‌లో వినకండి. కింది శ్రుతి దాంట్లో పలకదు, పలకకపోతే ఈ ఆల్బమ్‌లో సగం లేనట్టే. మంచి హెడ్‌ఫోన్లు ఉంటే చాలు, లేదా బాస్ ఉన్న రెండు బాక్సులు. నేను మామూలు పాత బాక్సులతోనే విన్నాను, తిత్తి నిండినట్టు గది నిండింది. వాల్యూమ్ మొదట తక్కువగా పెట్టుకోండి, చాలా పాటలు గుసగుసగా మొదలై గోడలు అదిరేలా ముగుస్తాయి. రాత్రిపూట ఇరుగుపొరుగుతో మాట పడాల్సి వస్తుంది. యూట్యూబ్‌లో వీళ్ళ పాటలు దొరుకుతాయి. ఆ యాస మొదట్లో అంతుపట్టదు కాబట్టి ప్రతి పాట కథ ముందు చదువుకుని తర్వాత వినండి. నాటకం కథ తెలిసి పోయినవాడికే పద్యం రుచి తెలుస్తుంది కదా, ఇదీ అంతే.

భజన, హరికథ, పద్యనాటకం అలవాటున్నవాళ్ళు మొదటి పాట నుంచి వరసగా వినవచ్చు, కష్టపడరు. ఇప్పటి పాటలే ఇష్టమైన పిల్లలు 'నెటా పెర్సియస్'తో మొదలుపెట్టి, 'ద న్యూయార్క్ ట్రేడర్' విని, అప్పుడు మొదటికి రండి. హార్మోనియం నేర్చుకుంటున్నవాళ్ళు 'మాస్టర్ క్రౌలీస్' పెట్టుకుని, వరస వదిలేసి, కింద శ్రుతి ఏ స్వరం మీద ఉందో పట్టుకోవడానికి ప్రయత్నించండి, మంచి సాధన. ఇంట్లో ఈ మధ్యనే ఎవరైనా పోయి ఉంటే మాత్రం మొదటి పాట ఇప్పుడొద్దు. రెండో దాంతో మొదలుపెట్టండి, మొదటిదాన్ని తర్వాత ఎప్పుడైనా వినవచ్చు.